సొరపాదు లేపిన నాలుగో అంతస్తు

ఆ ఏడాది నగరపాలక సంస్థ ఊళ్లో ప్రతి మేడా పచ్చగా మారాలని తీర్మానించింది. కూడళ్లన్నిటిలో "మీ ఇంటిపైన ఒక తోట" అని పెద్ద పెద్ద బోర్డులు నిలబెట్టారు. బోర్డులు జనానికి కనబడటం లేదని అడ్డొచ్చిన చెట్లు కొట్టేశారు. అదే ఏడాది, అదే సంస్థలో, ఒక అంతస్తు కిందున్న మరో విభాగం, అనుమతి లేకుండా మేడల మీద లేచిన ప్రతి అంతస్తునూ వానలు పడేలోగా కూల్చెయ్యాలని తీర్మానించింది. ఆ భవనంలో లిఫ్టు చాలాకాలంగా పనిచెయ్యడం లేదు. మెట్లెక్కే అలవాటు ఎవరికీ లేదు. అందుచేత ఒకరి తీర్మానం సంగతి ఇంకొకరికి తెలియలేదు.

రెండు సంగతులూ తెలిసినవాడు నగరం మొత్తం మీద కోటిలింగం ఒక్కడే. పై విభాగం అతనికి ఉగాది రోజున శాలువా కప్పింది. కింది విభాగం నెల తిరక్కుండా నోటీసు ఇచ్చింది.

కోటిలింగం విత్తనాల కంపెనీలో ఇరవై రెండేళ్లు పనిచేసి, కంపెనీ చేతులు మారినప్పుడు బయటపడ్డవాడు. ఇంట్లో ఊరికే కూర్చోలేక, చంద్రమౌళి నగర్‌లో తన మూడంతస్తుల ఇంటి డాబా మీద కూరగాయలు పండించి అమ్మే వ్యాపారం పెట్టాడు. పాత డ్రమ్ములు, పగిలిన సింకులు, ఎవరో పారేసిన స్నానాల తొట్టి, దేన్నీ వదల్లేదు. చుట్టుపక్కల నలభై ఇళ్లకు వారానికి రెండుసార్లు బుట్టలు వెళ్లేవి. వ్యాపారంలో పేరు అతనిది, చెయ్యి సాయమ్మది.

సాయమ్మ మెదక్ వైపు పల్లె నుంచి ఇరవై ఏళ్ల కిందట కట్టుబడి పనికి వచ్చింది. ఈ నగరంలో సగం స్లాబులు తన నెత్తి మీదుగానే పైకి పోయాయని చెప్పేది. అందులో కొంత గొప్ప ఉన్నా, ఆమె మెడనొప్పి మాత్రం నిజం. పల్లె నుంచి కొంగున కట్టుకొచ్చిన సొరగింజలు నాలుగు, ఏ పని దగ్గర గుడిసె వేసుకుంటే ఆ గుడిసె మీదికి పాకించుకుంటూ, మళ్లీ గింజ కట్టుకుంటూ తిరిగి తిరిగి చివరికి కోటిలింగం మేడెక్కింది.

పొట్టి మెడ, గుండ్రటి పొట్ట ఉన్న కాయ అది. తొక్క తియ్యక్కర్లేదు. పాలు పోసి వండిన రోజున పక్కింటివాళ్లు ఏదో ఒక పని కల్పించుకుని గిన్నెతో వచ్చేవారు. నలభై ఇళ్లలో ముప్పై ఇళ్లు ఆ సొరకాయ కోసమే బుట్టలో మిగతావాటిని భరిస్తున్నాయని కోటిలింగానికి తెలుసు. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు ముఖం మీదే చెప్పాడు: "సొరకాయ ఆగిన రోజున నా బుట్టా ఆపెయ్యవయ్యా. నీ తోటకూర బజార్లోనూ ఉంది."

కిందటేడు దాచిన గింజల్ని ఎలుకలు తినగా రెండు మిగిలాయి. రెండింట్లో ఒకటి మొలిచింది. ఆ ఒక్కటే ఇప్పుడు డాబా మీద వెదురు పందిరి నాలుగు మూలలా కప్పిన పాదు. దాని మీద నడిమధ్యన వేలాడే ఒక కాయను సాయమ్మ విత్తనానికి వదిలేసింది. ఎవరూ కొయ్యకుండా దానికి ఎర్రగుడ్డ పేలిక కట్టింది. అది పాదు మీదే ముదరాలి. గోరు దిగనంత గట్టిపడాలి. ఊపితే లోపల గింజలు గలగలమనాలి. మృగశిర కార్తె నాటికి ఆ గింజలు మట్టిలో పడాలి. ఆ కాయ పోతే ఆ జాతి పోయినట్టే.

సరిగ్గా దానికింద నిలబడి, కింది విభాగం కొలతలకు పంపిన చైన్‌మ్యాన్ ఐలయ్య టేపు తీశాడు.

"ఈ అంతస్తు ఎప్పుడు లేపిన్రు సారూ?"

"అంతస్తేందయ్యా? ఇది పందిరి" అన్నాడు కోటిలింగం.

ఐలయ్య సెల్‌ఫోన్ చూపించాడు. ఆకాశంలోంచి డ్రోను తీసిన బొమ్మ. చుట్టూ బూడిద రంగు డాబాలు, మధ్యన ఒక పచ్చటి నలుచదరం. "పైకెళ్లి చూస్తే కప్పు. కిందికెళ్లి చూస్తే నీడ. నడుమ మనిషి పడుతున్నడు. ఇంక అంతస్తంటే కొమ్ములుంటయా?"

టేపు గుంజ పొడవునా సాగింది. ఏడడుగుల మూడంగుళాలు. "ఏడు దాటితే అంతస్తు. మూడంగుళాలకు దొరికిపోయిన్రు" అన్నాడు ఐలయ్య నిజమైన సానుభూతితో.

"కాయ కిందికి దిగుతది గద, ఎత్తు లేకుంటే నెత్తికి తాకుతదని కట్టినం" అంది సాయమ్మ.

ఐలయ్య టేపు చుట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. ఒక కాయ నుదుటికి టంగున తగిలింది.

"గిట్ల" అంది సాయమ్మ.

నోటీసు అంటించడానికి గోడ లేదు. ఐలయ్య అటూ ఇటూ చూసి వెదురు గుంజకు చుట్టి దారంతో కట్టాడు. "నాలుగవ అంతస్తు యజమానికి" అని ఉంది దాని మీద.

*

విచారణ అసిస్టెంట్ సిటీ ప్లానర్ నిరంజనరావు గారి గదిలో జరిగింది. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుండేది. ఇంట్లో మంచినీళ్లు కూడా ఈ భాషలోనే అడుగుతాడేమో అనిపించింది కోటిలింగానికి.

"పైకప్పు అనగానేమి?" అని ఆయనే అడిగి, ఆయనే చెప్పాడు. "పైనుండి చూచునప్పుడు కిందనున్నది కనబడకుండ చేయునది. డ్రోనుకు మీ డాబా కనబడలేదు. కావున సదరు వస్తువు పైకప్పు."

"అయ్యా, ఆకుల సందుల్లోంచి ఎండ పడుద్ది. వానొస్తే ప్రతి బొట్టూ కిందకే."

"దానిని లీకేజీ అందురు. అది నిర్మాణ నాణ్యతా లోపము. కారినంత మాత్రమున పైకప్పు పైకప్పు కాకుండ పోదు." ఆయన బల్ల మీది ఫైలును అలవాటుగా ఎడమపక్కకు జరిపాడు. ఫైలున్న చోట పైనుంచి నీటిబొట్టు పడింది. పై విభాగం వాళ్లు తమ కుండీలకు నీళ్లు పోసుకునే వేళ అది.

తర్వాత దరఖాస్తు నింపడం మొదలుపెట్టాడు.

"నిర్మాణము ప్రారంభించిన తేదీ?"

"పుష్యమాసంలో గింజ పెట్టామండీ."

"పునాది లోతు?"

కోటిలింగం చూపుడువేలి కణుపు చూపించాడు. నిరంజనరావు అంగుళంగా రాసుకున్నాడు.

"ఇంజనీరు?"

"సాయమ్మ."

"లైసెన్సు సంఖ్య?"

కోటిలింగం చూపించిన వేలు మడిచేసుకున్నాడు. నిరంజనరావు కలం మూశాడు. "అంగుళము పునాదిపై లైసెన్సు లేని ఇంజనీరుచే అంతస్తు. ప్రాణహాని కలదు. పని తక్షణమే నిలుపవలెను. కూల్చివేత తేదీ తరువాత తెలియజేయబడును. అంతవరకు ఉన్నది ఉన్నట్లుగ ఉండవలెను. ఒక్క అంగుళము పెరిగినను ధిక్కారముగ పరిగణింపబడును."

నాలుగు రోజుల తర్వాత ఐలయ్య వచ్చి కొలిచాడు. నోటీసు అందిన తర్వాత తూర్పు దిక్కుగా మూడడుగుల రెండంగుళాల అదనపు నిర్మాణం జరిగింది.

"దానికి సదువు రాదన్నా" అంది సాయమ్మ తొట్టిలో పుదీనా తుంచుతూ. "నోటీసు గుంజకు కట్టిపోతే అదేం సదువుతది?"

ఆమె ఎకసెక్కంగా అంది గాని, ఐలయ్య నిబంధనలు తెలిసినవాడు. చదువురాని పక్షమైతే ఇద్దరు సాక్షుల ఎదుట నోటీసు చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. అతను సంచిలోంచి సిరా పెట్టె తీశాడు. కోటిలింగం, సాయమ్మ సాక్షులుగా నిలబడ్డారు. ఐలయ్య గొంతు సవరించుకుని, పాదు మొదలు దగ్గర గొంతుక్కూర్చుని, "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా" నుంచి సంతకం దాకా చదివాడు. తర్వాత ఒక లేత నులితీగను సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. చిన్న చుట్ట పడింది. నిజానికి ఆ ఆఫీసులో ఉన్న వేలిముద్రలన్నిటిలోకీ అదే అందంగా వచ్చింది.

అయినా పాదు పని ఆపలేదు. మర్నాటికే ఇంకో నాలుగంగుళాలు. చదివి వినిపించాక కూడా పెరిగిందంటే అది తెలియక చేసింది కాదని నిరంజనరావు ఫైల్లో రాసి, నిర్మాణం జరగకుండా చూడటానికి ఐలయ్యను డాబా మీద కాపలా పెట్టాడు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా పాదును పెరగనివ్వకుండా చూడటం అతని బాధ్యత.

ఐలయ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మూడు రోజులు దీక్షగా చూశాడు. ఎంత చూసినా, అది చూసేటప్పుడు పెరగదు. చూపు తిప్పితే పెరుగుతుంది. నాలుగో రోజున సాయమ్మ మజ్జిగ ఇచ్చింది. అయిదో రోజున సొరకాయ పచ్చడి మెతుకులు పెట్టింది. ఆరో రోజు నుంచి అతను తోటకూర మళ్లలో కలుపు తీస్తున్నాడు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఎండలో కాకుండా నీడలో కూర్చుని చేసిన డ్యూటీ ఇదేనని, ఆ నీడ తాను కూల్చబోయే కప్పుదేనని ఐలయ్యకు తెలుసు. ఆ సంగతి తలుచుకోవలసి వచ్చినప్పుడల్లా కలుపు ఇంకొంచెం గట్టిగా తీసేవాడు.

సాయమ్మ మాత్రం రోజూ పొద్దున ఎర్రగుడ్డ కాయ దగ్గరికి వెళ్లి గోరు గుచ్చి చూసేది.

"దిగుతున్నదా?" అనేవాడు కోటిలింగం.

"దిగుతున్నది సారూ. ఇంక నెల అయినా కావాలె."

*

కూల్చివేత తేదీ నెల దాకా ఆగలేదు. పదో రోజునే వచ్చింది.

ఆ నగరంలో అక్రమ అంతస్తును కూల్చడమంటే అంతస్తును కూల్చడం కాదు. స్లాబుకు నాలుగు చోట్ల రెండేసి అడుగుల కన్నాలు కొడతారు. కన్నానికి ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో. దాంతో ఫైల్లో అంతస్తు కూలిపోతుంది. ఇంటివాడు మర్నాడు కన్నాలు పూడ్పించుకుని అద్దెకిచ్చుకుంటాడు. ఎవరి ఇల్లూ పడదు, ఎవరి ఆజ్ఞా వమ్ముకాదు. ఎన్నో ఏళ్లుగా ఇరుపక్షాల మర్యాదనూ కాపాడుతూ వస్తున్న పద్ధతి అది.

సమ్మెటలు, డ్రిల్లింగు మిషను పట్టుకుని ఇద్దరు మనుషులు మేడెక్కారు. వాళ్లకు మేస్త్రీగా ఐలయ్యనే వేశారు. ముగ్గురూ పందిరి కింద నిలబడి తలలెత్తి చూశారు. ఆకుల మధ్య నుంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా చూసింది.

"కన్నం ఏడ కొట్టాలన్నా?" అన్నాడు సమ్మెట పట్టుకున్నవాడు.

"ముందుగాల ఫొటో తియ్యాలె. కన్నం లేనిది." ఐలయ్య ఫోను నాలుగువైపులా తిప్పాడు. "ఏడ తీసినా కన్నాలే ఉన్నయిరా."

"అయితే కొట్టినట్టేనా?"

"కొట్టకముందే ఉంటే కొట్టినట్టెట్లయితది?"

గంటసేపు అలా చూసి, నాలుగు కాకరకాయలు అడిగి పట్టుకుని దిగిపోయారు. "స్లాబు దొరకనందున కూల్చివేత జరగలేదు" అని ఐలయ్య నివేదిక రాశాడు.

మర్నాడు నిరంజనరావు కోటిలింగాన్ని పిలిపించాడు. ఆయన ముఖంలో కోపం లేదు. కఠినమైన లెక్కను సాధించబోయే విద్యార్థి ముఖంలో ఉండే వెలుగు ఉంది. కోటిలింగానికి కోపం కన్నా అదే ఎక్కువ భయం వేసింది.

"కన్నములు ముందే ఉన్నవనగా ముందే కూల్చివేత జరిగినట్లు. మా ఉత్తర్వు లేకుండ కూల్చినదెవరు?"

"ఎవరూ కూల్చలేదండీ. అసలు కడితేగా!"

"కట్టనిదానిని కూల్చుట సాధ్యము కాదు. అంగీకరించుచున్నాను. కాని కూల్చవలెనని ఉత్తర్వు ఉన్నది. ఉత్తర్వు వెనుకకు తీసుకొనుటకు నిబంధన లేదు. కావున..." ఆయన ఆగాడు. తర్కం తనను ఎక్కడికి తీసుకొచ్చిందో చూసి ఆయనే క్షణం సేపు ముచ్చటపడ్డాడు. "కావున కట్టవలెను."

"నేనా?"

"మీరు కట్టినచో అక్రమము. కూల్చుట నిమిత్తము సంస్థయే కట్టును."

కోటిలింగం ఇంటికొచ్చి సాయమ్మకు చెప్పాడు. ఆమె చేతిలో కొడవలి కింద పెట్టేసింది.

"నిజంగ స్లాబు పోస్తరా?"

"కాంట్రాక్టరుకి పని అప్పగించారంట."

స్లాబు సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. "సెంట్రింగు కర్రలు దిగంగనే పాదు నలిగిపోతది సారూ. ఆకు మిగలదు. కాయ ఇంకా పచ్చిగనే ఉన్నది. ఇప్పుడు కోస్తే గింజ తాలు" అంది. మెడ తడుముకుంటూ, "ఎన్ని స్లాబులకు మోసిన. మోసిందంతా నా మీదికే వస్తదనుకోలే" అంది. కోటిలింగం ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

కాంట్రాక్టరు వీరేశం రెండు రోజుల తర్వాత వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి. కార్పొరేషన్ పనులతోపాటు పెళ్లిళ్లకు షామియానాలు కూడా వేస్తాడు. సాయమ్మ పాదు మొదట్లో, దాన్ని తాకాలంటే తనను దాటి వెళ్లాలన్నట్టు కూర్చుంది. వీరేశం పందిరంతా తిరిగి చూసి, గుంజలు ఊపి చూసి, మెచ్చుకోలుగా తలూపాడు.

"ఎన్నడు మొదలుపెడతారండీ?" అన్నాడు కోటిలింగం.

"ఏం మొదలువెట్టుడు?"

"స్లాబు."

వీరేశం నొచ్చుకున్నాడు. "ఏంది సారూ, నన్నట్ల అనుకున్నరా? ముప్పై ఏండ్లసంది సర్కారు పని చేస్తున్న. చెప్పినకాడ చెప్పినంత సిమెంటు పోసిన పాపాన పోలే. ఈ వయసుల పేరు చెడగొట్టుకుంటనా?"

సాయమ్మ మొదటిసారి తలెత్తి అతని ముఖం చూసింది.

మర్నాడు వీరేశం మనుషులు ఇస్తిరీ చేసిన బూడిద రంగు షామియానా గుడ్డ ఒకటి తెచ్చి, కాడ ఒకటి కూడా నలగకుండా పందిరి మీద పరిచారు. మడత లేకుండా నాలుగు మూలలా లాగి కట్టారు. పక్కింటి నీళ్లట్యాంకు ఎక్కి ఫొటో తీశారు. పది నిమిషాల్లో గుడ్డ విప్పి మడతపెట్టి కోటిలింగానికి ఇచ్చారు. "కూల్చినదాక మంచిగ దాచుండ్రి. ముడత పడితే స్లాబు బీటలు వారినట్టుంటది" అని వీరేశం హెచ్చరించి వెళ్లాడు.

నిరంజనరావు ఫొటో చూశాడు. "ఫినిషింగు బహు బాగున్నది" అన్నాడు. పూర్తయిన స్లాబు కనుక ఇక కూల్చడమే తరువాయి అని అందరూ అనుకున్నారు. కాని ఆయన నిబంధనల మనిషి. ఇరవై ఒక్క రోజులు నీళ్లు పట్టి తడపని స్లాబు పూర్తి స్లాబు కాదు. పూర్తికాని స్లాబును కూలిస్తే రేపు ఆడిట్‌వాళ్లు ఆక్షేపిస్తారు. అందుచేత రోజుకొక ట్యాంకరు నీళ్లు మంజూరు చేశాడు.

అది నడివేసవి. చంద్రమౌళి నగర్‌లో జనం బిందెలతో కొట్టుకుంటున్న రోజులు. ఆ ఇరవై ఒక్క రోజులూ ప్రతి ఉదయం ఏడింటికి కార్పొరేషన్ ట్యాంకరు వచ్చి, కోటిలింగం ఇంటి ముందు హారన్ కొట్టి, గొట్టం పైకి వేసి, లేని స్లాబుకు నీళ్లు పట్టేది. తోటకూర మొక్కజొన్నంత ఎత్తు లేచింది. పాలకూర ఆకులు విసనకర్రలయ్యాయి. మిగిలిన నీళ్లు కోటిలింగం వీధిలోవాళ్లకు పంచిపెట్టాడు. హెడ్మాస్టరు బిందె నింపుకుంటూ, "ఇట్లాంటి అక్రమ నిర్మాణాలు ఇంటికొకటి ఉండాలయ్యా" అన్నాడు.

సొరపాదు మొదలు దగ్గర మాత్రం సాయమ్మ చుక్క పడనివ్వలేదు. "దానికి పొయ్యకు అన్నా, కాయ ఎండాలె" అని ఐలయ్య మీద కేకలేసేది. ఇరవై ఒకటో రోజున గోరు గుచ్చి చూసింది.

"పొట్ట కాడ దిగలే సారూ" అంది. "మెడ కాడ జర మెత్తగున్నది. ఇంక మూడు రోజులుంటే మంచిది."

మూడు రోజులు లేవు. తెల్లవారితే కూల్చివేత.

*

నిరంజనరావు స్వయంగా వచ్చాడు. మెట్లెక్కడం వల్ల ఆయాసపడుతున్నాడు. గుడ్డ మళ్లీ పందిరి మీద పరిచి ఉంది. దానికింద నిలబడి ఆయన పైకి చూసి, స్లాబు గాలికి కొద్దిగా ఉబ్బి తగ్గడం గమనించి, అది తన పరిధిలోని విషయం కాదన్నట్టు చూపు తిప్పుకున్నాడు.

సమ్మెటల వాళ్లు సమ్మెటలు పక్కన పెట్టి నిలబడ్డారు. సాయమ్మ ఇంట్లోంచి కత్తెర తెచ్చి ఐలయ్యకు ఇచ్చింది.

"కన్నము రెండడుగులకు తగ్గరాదు" అన్నాడు నిరంజనరావు. "కింద నిలబడి తీసిన ఫొటోలో ఆకాశము స్పష్టముగ కనబడవలెను. ఆకాశమునకు అడ్డమైన ఏ పదార్థమునైనను తొలగింపవలెను. మూలలయందు మూడు. నడిమధ్యన ఒకటి."

నడిమధ్యన అనగానే కోటిలింగం, సాయమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. ఎర్రగుడ్డ కాయ వేలాడుతున్న తీగ సరిగ్గా అక్కడే ఉంది.

"అయ్యా, నాలుగోది కూడా మూలకి జరుపుకోరాదూ?" అన్నాడు కోటిలింగం. "మూలలు నాలుగున్నాయిగా."

"నమూనా నకలు ఉన్నది. మూడు మూలలు, ఒక మధ్య. మార్చుటకు ప్రధాన కార్యాలయమునకు రాయవలెను."

"రాయండి సారూ! రాయండి!" అంది సాయమ్మ ఆశగా.

"రాయుటకు వ్యవధి లేదు."

ఐలయ్య స్టూలెక్కాడు. మొదటి మూల కన్నం అతను అయిదు నిమిషాల్లో కోశాడు. రెండోదానికి పావుగంట పట్టింది. మూడోదానికి కత్తెర మొండిబారిందన్నాడు, దిగి నూరాడు, ఎక్కాడు, చెమట తుడుచుకున్నాడు, మళ్లీ దిగి నీళ్లు తాగాడు. నిరంజనరావు గడియారం చూసుకుంటున్నాడు. చివరికి స్టూలు మధ్యకు జరిగింది. గుడ్డ కోయడం అయింది. పైన కన్నం, దానికి అడ్డంగా తీగ, తీగకు కాయ.

ఐలయ్య కత్తెర తీగ దగ్గర పెట్టి ఆగాడు. "అక్కా" అన్నాడు మెల్లిగా. "ఏం చెయ్యమంటవ్?"

సాయమ్మ ముందుకొచ్చి రెండు చేతులతో కాయను పట్టుకుంది. మెడ దగ్గర గోరు గుచ్చింది. గుచ్చి, ఇంకొంచెం నొక్కింది. తర్వాత చెవి ఆనించి, తీగకు నొప్పి కలగకూడదన్నట్టు చిన్నగా ఊపింది. నిరంజనరావు కూడా, ఎందుకో తనకే తెలియకుండా, ఊపిరి బిగబట్టాడు. లోపల ఎక్కడో, రెండో మూడో గింజలు కదిలిన చప్పుడు.

"కొయ్యి" అంది సాయమ్మ.

కాయ ఆమె చేతుల్లోకి దిగింది. కన్నంలోంచి గుండ్రటి ఆకాశం కనబడింది. ఐలయ్య ఫొటో తీశాడు. నాలుగో అంతస్తు కూలిపోయింది.

"ఆ ఊడిపడినదేమి?" అన్నాడు నిరంజనరావు.

"కాయండీ."

"కూల్చివేతయందు ఊడిన ప్రతి వస్తువు శిథిలము. శిథిలము సంస్థ ఆస్తి. స్వాధీనపరచవలెను."

ఇన్ని రోజుల్లో కోటిలింగం ఎన్నడూ గొంతు పెంచలేదు. ఇప్పుడు పెంచాడు. "ఇదేం అన్యాయమండీ! లేని స్లాబు వేశారు, ఊరుకున్నా. లేని స్లాబు కూల్చారు, ఊరుకున్నా. ఈ మొత్తంలో నిజంగా ఉన్నది ఆ కాయ ఒక్కటే. అదే పట్టుకుపోతారా?"

నిరంజనరావు ఆ మాటకు కొంచెం తడబడ్డాడు. సాయమ్మ చేతుల వైపు చూశాడు. కాయను ఆమె పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని ఉంది. ఆయన నిబంధనల పుస్తకం తీసి, చాలాసేపు వెతికాడు. అంతసేపు వెతికింది తమకోసమేనేమోనని కోటిలింగానికి తర్వాత అనిపించింది.

"శిథిలముల లారీ వచ్చు వరకు యజమాని సంరక్షణలో ఉంచవచ్చును" అని చదివాడు. "ఆకారము మారరాదు. లోపలి విషయము..." పేజీ తిప్పాడు. "లోపలి విషయమును గూర్చి ఏమియు లేదు."

ఆయన దిగి వెళ్లాక కోటిలింగం కూలబడ్డాడు. "రేపో ఎల్లుండో లారీ వస్తే? గింజ ఇంకా ఆరలేదుగా!"

"రాదు సారూ" అంది సాయమ్మ, కాయను అతని వంటింట్లో పొయ్యి పైనున్న మేకుకు వేలాడదీస్తూ. "చెత్త తీస్కపోయే సర్కారు లారీ మీద నాకు నమ్మకమున్నది."

నమ్మకం వమ్ము కాలేదు. లారీ పదహారు రోజులకు వచ్చింది. అప్పటికి కాయ ఎండి గోధుమరంగుకు తిరిగి, కదిపితే చాలు గలగలమంటోంది. సాయమ్మ తొడిమ దగ్గర అర్ధరూపాయంత రంధ్రం చేసి, చాటలోకి ఊపి ఊపి గింజలు రాల్చింది. రంధ్రానికి బంకమట్టి పెట్టింది. ఆకారం ఏమీ మారలేదు.

పది టన్నుల లారీ. నలుగురు కూలీలు, రెండు గడ్డపారలు. సందులో తిరగలేక అరగంట అవస్థపడి ఇంటి ముందు ఆగింది. దాంట్లోకి నాలుగు గుండ్రటి గుడ్డముక్కలు, కన్నాలుపడ్డ షామియానా, ఎండిన సొరపాదు, పందిరి మీది చివికిన తాళ్లు ఎక్కించారు. చివరికి సాయమ్మ సొరబుర్రను తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టింది. అతను దాన్ని చెవి దగ్గర ఊపి చూశాడు.

"ఖాళీగున్నది?"

"ఖాళీయే" అన్నాడు కోటిలింగం. "ఆ అంతస్తులోకి ఎవరూ కాపురానికి రాలేదులే బాబూ."

డ్రైవరు రసీదు ఇచ్చాడు. నాలుగవ అంతస్తు, మొత్తం, ముట్టింది. కోటిలింగం సంతకం పెట్టి మేడెక్కాడు. మృగశిర ప్రవేశించిన రోజు. పడమట మబ్బు పట్టి చల్లటి గాలి వీస్తోంది. నాలుగు వెదురు గుంజల మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. ఫైల్లో రాసినదీ డాబా మీద ఉన్నదీ అక్షరాలా ఒక్కటి కావడం ఈ వ్యవహారంలో అదే మొదటిసారి.

సాయమ్మ డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని, తడిమట్టిలో బొటనవేలితో గుంట చేసి, గింజ పెట్టి, మట్టి కప్పింది. పక్క డ్రమ్ములో ఇంకో గుంట చేసింది.

ఫైలుకూ డాబాకూ ఆ పొత్తు ఆరు రోజులు నిలిచింది. ఏడో రోజు పొద్దున రెండు డ్రమ్ముల్లోనూ మట్టి పెల్లలను నెత్తిన పెట్టుకుని మొలకలు లేచాయి.